స్థూలకాయులకు పస్తులు వలదు, మితాశనమే మందు

కొంతకాలం క్రిందట నలభై రెండేళ్ల గృహిణి ఒకరు భర్తతో కలిసి నా వైద్యశాలకు వచ్చారు. ఆమె ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. మెట్లెక్కితే ఆయాసం, మోకాళ్ల నొప్పి, అధికమైన చెమట, మధ్యాహ్నం కాగానే ముంచుకువచ్చే నిద్ర ఆమె చెప్పిన బాధలు. వాటికన్న పెద్ద బాధ మరొకటి ఉన్నదని కొంతసేపు మాట్లాడిన తరువాత తెలిసింది. బరువు తగ్గాలని ఆమె సోమ, గురు, శనివారాలు ఉపవాసం ఉంటున్నారు. అంతకు వారం ముందు, అటువంటి ఒకనాటి సాయంత్రం, వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయారు. చేతికి దెబ్బ తగిలింది. ఇంత చేసినా ఆరు నెలల్లో బరువు తగ్గకపోగా మూడు కిలోలు పెరిగింది.

"అందరూ నన్ను నోరు కట్టుకోలేనిదాన్ని అంటున్నారండీ. పగలంతా ఓర్చుకుంటాను. చీకటి పడేసరికి ఆకలి ఆగదు. ఎంత తింటున్నానో నాకే తెలియదు. ఎవరికైనా చెప్పుకోవాలన్నా సిగ్గుగా ఉన్నది" అని ఆమె కంటతడి పెట్టుకున్నారు.

"అమ్మా, ఇందులో మీరు సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఈ ఆకలి మీ వ్యాధిలో ఒక భాగం. దానికి చికిత్స ఉన్నది. కాని పస్తు ఆ చికిత్స కాదు" అని చెప్పాను.

ఆమె నమ్మలేనట్లు చూశారు. పాఠకులలో కూడా అనేకులకు ఈ మాట వింతగా తోచవచ్చును. లావు తగ్గాలంటే కడుపు మాడ్చుకోవాలన్న అభిప్రాయం మన ఇళ్లలో అంతగా పాతుకుపోయింది. కావున శాస్త్రం ఏమి చెప్పినదో, దానిని మన ఇంటి వంటలతోనే ఆచరించడం ఎట్లాగో ఈ వ్యాసంలో వివరిస్తాను.

స్థౌల్యం: శాస్త్ర దృష్టి

చరక సంహిత సూత్రస్థానంలో ఇరవై ఒకటవ అధ్యాయానికి అష్టౌనిందితీయం అని పేరు. లోకం వేలెత్తి చూపే ఎనిమిది విధాల శరీరాలను అందులో పేర్కొని, వాటిలో అతిస్థూల, అతికృశ శరీరాలను ఆచార్యుడు విశేషంగా చర్చించాడు. మేదస్సు, మాంసం అతిగా పెరిగి, పిరుదులు, ఉదరం, రొమ్ములు జారి కదలాడుతూ, పెరిగిన శరీరానికి తగిన ఉత్సాహం లేనివాడు అతిస్థూలుడు. ఆయువు తగ్గడం, చురుకుదనం లోపించడం, దాంపత్య సుఖానికి ఆటంకం, దౌర్బల్యం, శరీర దుర్గంధం, చెమట బాధ, అతి ఆకలి, అతి దప్పిక అనే ఎనిమిది దోషాలు అతనికి కలుగుతాయని చెప్పబడింది.

ఇందులో అతి ఆకలిని గమనించండి. ఆచార్యుడు దానిని తిండిపోతుతనంగా చూడలేదు. వ్యాధి లక్షణాలలో చేర్చాడు.

కారణాలను చెప్పేటప్పుడు కూడా ఆయన తిండి ఒక్కదానినే నిందించలేదు. అతిగా తినడం, గురు, మధుర, శీత, స్నిగ్ధ పదార్థాల సేవనం, వ్యాయామం లేకపోవడం, పగటి నిద్ర మొదలైన వాటితో పాటు బీజ స్వభావాన్ని కూడా పేర్కొన్నాడు. తల్లిదండ్రుల నుండి సంక్రమించే శరీరతత్త్వమే బీజ స్వభావం. ఒకే కంచంలో తిన్న అక్కచెల్లెళ్లలో ఒకరు సన్నగా, ఒకరు లావుగా ఉండడం మనం చూస్తూనే ఉన్నాము.

ఈ ఆకలి ఎందుకు పుడుతుంది? పెరిగిన మేదస్సు స్రోతస్సుల మార్గాలను అడ్డగిస్తుంది. బయటకు దారిలేని వాయువు కోష్ఠంలోనే విశేషంగా సంచరించి జఠరాగ్నిని రగిలిస్తుంది. రగిలిన అగ్ని తిన్నదానిని త్వరగా జీర్ణింపజేసి మరల ఆహారం కోరుతుంది. భోజన వేళ దాటితే తీవ్రమైన వికారాలు కలుగుతాయి. అగ్ని, వాయువు కలిసి దావాగ్ని అడవిని కాల్చినట్లు స్థూలుని బాధిస్తాయని ఆచార్యుని పోలిక. ఇక ఇటువంటి దేహాన్ని పస్తు పెడితే ఏమవుతుందో ఊహించండి. పగలంతా అణచిన ఆకలి రాత్రికి రెట్టింపై పైబడుతుంది. ఆమెకు జరిగినది ఇదే.

నేను చేసిన పొరపాటు

ఈ విషయం నాకు పుస్తకంతో పాటే ఒంటబట్టలేదు. గురుకులంలో అధ్యయనం పూర్తిచేసి వైద్యం ప్రారంభించిన తొలి సంవత్సరంలో ఒక ధాన్యం వ్యాపారి నా వద్దకు వచ్చాడు. బాగా స్థూలకాయుడు. లంఘనం పరమౌషధమని వల్లించిన ఉత్సాహంలో వారం రోజులు పలుచని జావ తప్ప మరేమీ తీసుకోరాదని ఆదేశించాను. అయిదవ నాడు అతడు దుకాణంలో సొమ్మసిల్లి పడిపోయాడు. తేరుకున్నాక పథ్యం మాని, నెల తిరిగేసరికి మునుపటికన్న ఎక్కువ బరువుతో కనిపించాడు.

గురువు గారి వద్దకు వెళ్లి, రోగికి నిగ్రహం లేదని ఫిర్యాదు చేశాను. ఆయన అంతా విని, "నాయనా, మండుతున్న పొయ్యిలో కట్టెలు వేయకపోతే ఆరిపోతుందనుకున్నావు. ఆ పొయ్యి ఇంటి వాసాలను అంటుకుంటుంది. త్వరగా కాలిపోయే చితుకులు మాన్పించి, నిదానంగా కాలే మొద్దు పెట్టు" అన్నారు. తరువాత అదే అధ్యాయం తెరిపించి, స్థూలునికి ఇవ్వవలసినది గురువు, అపతర్పణం అయిన ఆహారమన్న మాటను నాచేత మరల చదివించారు.

గురువు అనగా జీర్ణం కావడానికి సమయం పట్టేది. అది తీక్ష్ణమైన అగ్నిని నిలబెడుతుంది. అపతర్పణం అనగా మేదస్సును పోషించనిది. అది బరువు పెరగనీయదు. ఈ రెండు గుణాలూ కలిసి ఉండవలెను. జావ అపతర్పణమే కాని లఘువు. అందువలన అది అతని ఆకలిని రెట్టించింది. నేతి మిఠాయి గురువే కాని మేదస్సును పెంచుతుంది. కొర్రలు, ఊదలు, అరికెలు, జొన్నలు, యవలు, పెసలు, కందులు, ఉలవలు, పొట్ల, ఉసిరిక వంటి వాటిని చరకుడు ఇక్కడ విధించాడు. పీచు పదార్థం, మాంసకృత్తులు గల ఆహారం ఆకలిని ఎక్కువసేపు నిలుపుతుందని నేటి పోషకాహార శాస్త్రం చెప్పే మాట దీనికి దగ్గరగానే ఉన్నది.

ఎవరు తగ్గవలెను, ఎంత తగ్గవలెను?

కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తును తీసుకుని, బరువును ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకెను బాడీ మాస్ ఇండెక్స్ అంటారు. భారతీయులకు ఇది 23 దాటితే అధిక బరువు, 25 నుండి స్థౌల్యం. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. పైన చెప్పిన సోదరికి ఆ అంకె 32 పైన ఉన్నది.

అట్లని ఆమెను 55 కిలోలకు దిగమని నేను చెప్పలేదు. ఉన్న బరువులో నూటికి 5 వంతులు తగ్గినా రక్తపోటు, చక్కెర మెరుగుపడతాయి. ఆమెకు అది సుమారు 4 కిలోలు. దానినే మొదటి మజిలీగా పెట్టాము. వారానికి అర కిలో తగ్గడం క్షేమకరం. అతివేగంగా తగ్గితే కండ కరుగుతుంది, పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం కూడా పెరుగుతుంది. నెలకు పది కిలోలు తగ్గిస్తామనే ప్రకటనలకు దూరంగా ఉండండి.

వేళ: యామ నియమం

కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినమని నేడు అనేకులు చెబుతారు. తిన్నది అరగక ముందే మరల తినడం అధ్యశనమని ఆయుర్వేదం నిషేధిస్తుంది. ఈ రెండింటికీ పొసగదని కొందరు వాదిస్తారు. పెద్దలు చెప్పిన యామ నియమం ఈ చిక్కును తీరుస్తుంది. ఒక యామం అనగా మూడు గంటలు. ఒకసారి తిన్న తరువాత యామం లోపల మరల తినరాదు, రెండు యామాలు తినకుండా గడపరాదు. స్థూలకాయులకు ఆకలి త్వరగా కలుగుతుంది కనుక యామానికి ఒకసారి కొద్దిగా ఇస్తే అధ్యశన దోషం ఉండదు, పస్తు బాధా ఉండదు.

దీనిని బట్టి నేను ఇచ్చే కాలపట్టిక ఇది. ఉదయం 7.30, 10.30, మధ్యాహ్నం 1.30, సాయంకాలం 4.30, రాత్రి 7.30. వీటిలో మూడు భోజనాలు, రెండు చిరుతిండ్లు. రాత్రి 10.30 కు నిద్ర. అనగా రాత్రి ఆహారానికి, నిద్రకు నడుమ కూడా ఒక యామం ఉంటుంది. ఉద్యోగస్తులు అరగంట అటూ ఇటూ జరుపుకోవచ్చును. నడుమ నీరు తప్ప ఏమీ వలదు. కూర ఉప్పు చూడడానికి గరిటెడు, పిల్లలు వదిలినది పారవేయలేక నాలుగు ముద్దలు, టీవీ చూస్తూ గుప్పెడు కారప్పూస, ఇవన్నీ ఆహారం క్రిందనే లెక్క.

మాత్ర: ఏమి, ఎంత?

కుక్షిని నాలుగు భాగాలుగా భావించి, రెండు భాగాలు ఘనాహారానికి, ఒకటి ద్రవానికి, ఒకటి వాయు సంచారానికి విడువవలెనని వాగ్భటుని సూచన. ఇంకా నాలుగు ముద్దలు తినగలననిపించినప్పుడే లేవడం దీని ఆచరణ. ఆ సోదరికి ఇచ్చిన ఒకనాటి ఆహారం ఈ విధంగా ఉన్నది.

ఉదయం 7.30: పొట్టు పెసలు 50 గ్రాములు నానబెట్టి రుబ్బిన పెసరట్లు రెండు. రెండింటికీ కలిపి ఒక చెంచా నూనె. అల్లం పచ్చడి బెల్లం తగ్గించి.

10.30: వెన్న తీసిన పలుచని మజ్జిగ ఒక గ్లాసు. అందులో చిటికెడు శొంఠి పొడి, కరివేపాకు.

మధ్యాహ్నం 1.30: ముందుగా నూనె తక్కువగా వండిన కూర రెండు కప్పులు. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, కాకర, చిక్కుడు, ఆకుకూరలలో ఏవైనా. దానితో 40 గ్రాముల పిండితో చేసిన జొన్న రొట్టె ఒకటి. తరువాత చిన్న కప్పు అన్నం, కప్పు పప్పు, చారు, పలుచని మజ్జిగ.

4.30: ఉడికించిన సెనగలు చిన్న కప్పు, లేక ఒక జామకాయ. కాఫీ లేక టీ చక్కెర లేకుండా ఒక్కసారి.

రాత్రి 7.30: 50 గ్రాముల కొర్రలతో వండిన అన్నం, పప్పుచారు, కూర ఒక కప్పు, మజ్జిగ.

చెంచా అనగా 5 మిల్లీలీటర్లు, కప్పు అనగా 150 మిల్లీలీటర్లు పట్టేది. ధాన్యం, పప్పుల తూకం వండక ముందు చూడవలెను. మొత్తం సుమారు 1,300 కేలరీలు. పురుషులు, శ్రమ చేసేవారు మరొక జొన్న రొట్టె, మరొక కప్పు పప్పు చేర్చుకోవలెను. మాంసాహారులు పప్పు కొంత తగ్గించి ఉడికించిన గుడ్డు, లేక వేపుడు కాని చేప ముక్క తీసుకోవచ్చును.

పెసరట్టుకు బదులు కూరగాయలతో చేసిన కొర్రల ఉప్మా, రెండు ఇడ్లీలతో కప్పు సాంబారు మార్చుకోవచ్చును. కొర్రలు, జొన్నలు మంచివన్న పేరున అపరిమితంగా తినరాదు. వండక ముందు తూచి చూస్తే వీటిలో కేలరీలు బియ్యంతో దాదాపు సమానమే. వాటి గుణం నిదానంగా జీర్ణమై ఆకలిని నిలపడంలో ఉన్నది.

నూనె సంగతి ప్రత్యేకంగా చెప్పవలెను. ఒక చెంచా నూనెలో సుమారు 40 కేలరీలు ఉంటాయి. మనిషికి రోజుకు నాలుగు చెంచాలకు మించరాదు. నలుగురున్న ఇంటికి ఇది నెలకు రెండున్నర లీటర్ల లోపు. మీ ఇంట నెలకు ఎన్ని ప్యాకెట్లు వాడుతున్నారో ఈ నెల లెక్క చూసుకోండి. నెయ్యి వాడితే ఆ మేరకు నూనె తగ్గించవలెను.

మన ఇళ్లలో ఉపవాసం

ఆ సోదరిని ఉపవాసం నాడు ఏమేమి తీసుకుంటారని అడిగి కాగితం మీద వ్రాశాను. ఉదయం నుండి నాలుగు కాఫీలు, ఒక్కొక్క దానిలో రెండు చెంచాల చక్కెర. ఆ చక్కెర ఒక్కటే 160 కేలరీలు. మధ్యాహ్నం రెండు అరటిపండ్లు. సాయంత్రం ఓపలేక కారప్పూస సుమారు 100 గ్రాములు. అది 500 కేలరీలకు పైమాటే. రాత్రి అన్నం తినరాదు కనుక ఫలహారమని ఆరు పూరీలు, బంగాళాదుంప కూర. మొత్తం కలిపి చూస్తే మామూలు రోజుకన్న ఉపవాసం నాడే ఎక్కువ తింటున్నారు. ఆమె భర్త ఆ కాగితం చూసి చాలాసేపు మౌనంగా ఉండిపోయారు.

దైవభక్తితో చేసే ఉపవాసాన్ని నేను కాదనను. అది వేరు, చికిత్స వేరు. వ్రతం చేసేవారు ఆనాడు కూడా యామ నియమం పాటించి, పండు, మజ్జిగ, ఉడికించిన పెసలు తీసుకుని, పూరీలు, వేపుళ్లు మానితే వ్రతమూ దక్కుతుంది, ఆరోగ్యమూ దక్కుతుంది. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం వైద్యుని అడగకుండా ఉపవాసం చేయరాదు. చక్కెర హఠాత్తుగా పడిపోయి ప్రాణాపాయం కలుగవచ్చును.

వ్యాయామం: అర్ధశక్తి

స్థౌల్యానికి వ్యాయామాన్ని విధించిన చరకుడు దానిని క్రమక్రమంగా పెంచవలెనని స్పష్టంగా చెప్పాడు. మొదటి రోజే గంటసేపు పరుగెత్తి మోకాళ్లు పట్టుకుని కూర్చోవడం అవివేకం. బలంలో సగం వరకే శ్రమించడాన్ని అర్ధశక్తి అన్నారు. నుదుట, ముక్కుపై, చంకలలో, కీళ్ల వద్ద చెమట పట్టడం, నోరు ఎండడం, నోటితో శ్వాస తీయవలసి రావడం దానికి గుర్తులు. ఆ గుర్తులు కనబడగానే వేగం తగ్గించవలెను.

మొదటి వారం రోజుకు 15 నిమిషాలు సమతల నేలపై నడక. వారానికి 5 నిమిషాల చొప్పున పెంచుతూ ఏడవ వారానికి 45 నిమిషాలకు చేరవలెను. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం సరిపోతుంది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలలో చెప్పింది. వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని కూడా ఉండవలెను. చేతులు ఆనించకుండా కుర్చీ నుండి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి పదిసార్లు వంగి లేవడం ఇంటిలోనే చేయవచ్చును. మోకాళ్ల నొప్పి అధికంగా ఉన్నవారు కుర్చీలో కూర్చుని ఒక్కొక్క కాలు చాచి పది లెక్కించేవరకు నిలపడంతో ప్రారంభించవలెను.

ఇంటిపని చేస్తున్నాను కదా అని స్త్రీలు అడుగుతుంటారు. ఇంటిపనిలో శ్రమ ఉన్నది, నిజమే. కాని ఒకచోట నిలబడి చేసే వంటపనిలో నడకకు సమానమైన ఊపిరి వేగం రాదు. మీకై ఆ అరగంట విడిగా ఉండవలసినదే.

చరకుడు జాగరణ కూడా చెప్పాడు. దానిని పగటినిద్ర, అతినిద్ర మానడంగా నేను గ్రహిస్తాను. రాత్రి ఏడు గంటల నిద్ర తగ్గించుకోరాదు. నిద్ర చాలనివారికి మరునాడు ఆకలి పెరుగుతుంది.

గృహవైద్యం

ఇవి పథ్యానికి తోడే గాని పథ్యానికి బదులు కావు.

1. త్రిఫలా చూర్ణం 3 గ్రాములు రాత్రి నిద్రకు ముందు గోరువెచ్చని నీటితో. విరేచనాలు ఎక్కువైతే ఆపవలెను. గర్భిణులు వాడరాదు.

2. ఉలవచారు వారానికి రెండుసార్లు. ఉలవలు నానబెట్టి ఉడికించిన కట్టులో చింతపండు తగ్గించి, ఒక చెంచా నూనెతో పోపు పెట్టవలెను. విందులలో వలె మీగడ కలిపితే ప్రయోజనం పోతుంది. ఆమ్లపిత్తం ఉన్నవారికి సరిపడదు.

3. మెంతులు ఒక చెంచా రాత్రి నానబెట్టి ఉదయం నమిలి తినడం. మధుమేహానికి మందులు వాడేవారు చక్కెర పరీక్షించుకుంటూ తీసుకోవలెను.

4. ఒక గ్లాసు చల్లని నీటిలో చెంచా తేనె. తేనెను కాచరాదని, వేడితో కలపరాదని శాస్త్ర నియమం. అందరూ చేసే వేడినీటి తేనె అందుకు విరుద్ధం. చెంచా తేనెలో 20 కేలరీలు ఉన్నవి కనుక రోజుకు ఒకటే. మధుమేహులకు వలదు.

5. ఉద్వర్తనం. ఉలవపిండిని పొడిగా శరీరానికి క్రింద నుండి పైకి పది నిమిషాలు రుద్ది స్నానం చేయవలెను. చెమట వాసన తగ్గి, చర్మం బిగుతుగా, శరీరం తేలికగా ఉంటుంది. పిండి రుద్దినంత మాత్రాన కొవ్వు కరగదు.

గుగ్గులు, శిలాజిత్తు, లోహ భస్మాలు శాస్త్రోక్తమైనవే. కాని వైద్యుడు రోగిని చూసి ఇవ్వవలసినవి. వాటిని అంగడిలో కొని సొంతంగా వాడరాదు.

ముందుగా పరీక్ష ఎవరికి?

తక్కువ తింటున్నా బరువు పెరుగుతూ, చలి, మలబద్ధకం, బద్ధకం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించవలెను. నడిచినప్పుడు ఛాతీలో నొప్పి, బరువు తోచేవారు వ్యాయామానికి ముందు గుండె పరీక్ష చేయించవలెను. పెద్దగా గురకపెట్టి, నిద్రలో శ్వాస ఆగినట్లై, పగలు కునికిపాట్లు పడేవారు ఆ విషయం వైద్యునికి తప్పక చెప్పవలెను. స్టిరాయిడ్లు, మరికొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి. వైద్యుని అడగకుండా వాటిని ఆపరాదు. మూత్రపిండాల వ్యాధి గలవారు, గర్భిణులు, బాలింతలు, పద్దెనిమిదేళ్ల లోపు వారు పై ఆహారపట్టికను ఉన్నదున్నట్లు ఆచరించరాదు.

ఇంటివారికి ఒక మాట

పథ్యం ఒక్కరిది, వంట అందరిది అయినప్పుడు పథ్యం నిలవదు. తల్లికి కొర్రన్నం, మిగిలినవారికి బంగాళాదుంప వేపుడు వండితే ఆ వేపుడు వండే చేతులు ఎవరివో ఆలోచించండి. పైన చెప్పిన ఆహారం ఇంటిల్లిపాదికీ మంచిదే. సన్నగా ఉన్న పిల్లలకు మరికొంత అన్నం, నెయ్యి, పాలు చేర్చితే చాలును. వారానికి ఒక్కరోజు, ఉదయం కాలకృత్యాల తరువాత, ఏమీ తినకముందు బరువు చూసి వ్రాసుకోవలెను. రోజూ చూస్తే నీటి వలన కలిగే హెచ్చుతగ్గులకు మనస్సు కలత చెందుతుంది. కొన్ని వారాలు బరువు కదలదు. అప్పుడు ఆహారం మరింత తగ్గించరాదు. నూనె, చిరుతిండి లెక్క మరల చూసుకుని, నడక పది నిమిషాలు పెంచవలెను.

అన్నిటికన్న ముఖ్యం, ఎగతాళి మానండి. వ్యాధిగ్రస్తుని జ్వరం చూసి ఎవరూ నవ్వరు. స్థూలుని ఆకలి కూడా అటువంటి లక్షణమే.

ఆ సోదరి ఏడు నెలలు ఈ నియమం పాటించారు. మొదటి పది రోజులు 10.30 మజ్జిగ అనవసరమనిపించిందట. తరువాత రాత్రి ఆకలి తనంతట తగ్గిందని చెప్పారు. మూడవ నెలలో రెండు పెళ్లిళ్లు వచ్చి రెండు కిలోలు పెరిగారు. ముఖం చిన్నబుచ్చుకుని వచ్చి, మరల పస్తుండనా అని అడిగారు. మరునాటి ఉదయం 7.30 కు పెసరట్టు తినమని చెప్పి పంపించాను. ఏడు నెలలకు ఆమె బరువు 69 కిలోలు. సన్నబడ్డారని చూసినవారు ఎవరూ అనరు. కాని మెట్లు ఆగకుండా ఎక్కుతున్నారు, మోకాళ్ల నొప్పికి మాత్ర వేసుకోవడం మానారు. భర్త కూడా ఉదయం ఆమెతో నడుస్తున్నారు.

క్రిందటిసారి వచ్చినప్పుడు ఆమె ఒక మాట అన్నారు. "ఇప్పుడు అందరితో కూర్చుని తింటున్నానండీ. దాచుకుని తినడం లేదు." బరువు చూసే యంత్రంలోని అంకె కన్న ఆ మాటే నాకు ఎక్కువ తృప్తి కలిగించింది. వేళకు తినండి, కొలిచి తినండి, నిదానంగా నడవండి. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ ఖర్చు లేదు. కావలసినది ఓర్పు ఒక్కటే.

శుభం భూయాత్.